కాంతి, ఎలక్ట్రాను బదిలీల ద్వారా పెప్టైడ్ అయాన్ల విచ్ఛేదనం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జీవకణంలోని ప్రోటీన్ల నిర్మాణాన్ని తెలుసుకోవడానికి నేడు విరివిగా ఉపయోగపడుతున్న సాధనాలలో మాస్ స్పెక్ట్రోమెట్రీ ప్రధానమైనది. ప్రోటీనును పెప్టైడ్లనే చిన్న గొలుసులుగా చేసి, వాటికి విద్యుదావేశం కలిగించి, ఆ గొలుసులను విరిచి, ముక్కల ద్రవ్యరాశులను బట్టి అమైనో ఆమ్లాల వరుసను నిర్ణయించడం ఇందులోని పద్ధతి. వేడెక్కించి విరిచినప్పుడు గొలుసుకు అతికి ఉన్న సున్నితమైన రసాయన గుర్తులు ముందుగా రాలిపోతాయి. ఎలక్ట్రానును అందించి విరిచే పద్ధతులు, కాంతిని ప్రసరింపజేసి విరిచే పద్ధతులు ఈ లోపాన్ని ఎలా సవరించాయి, వాటి పరిమితులేమిటి, రెండింటినీ జోడించడం వల్ల కలిగిన ప్రయోజనమేమిటి అనే విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాస్ స్పెక్ట్రోమెట్రీ, పెప్టైడ్ అయాను, విచ్ఛేదనం, ఎలక్ట్రాను బదిలీ, కాంతి విఘటనం, ఫాస్ఫేటు, ప్రోటీన్ల వరుస నిర్ణయం.

1. ఉపోద్ఘాతం:

'మావిడాకులు' అన్న మాటను 'మావిడి ఆకులు' అని విరిస్తే గుమ్మానికి కట్టే తోరణం గుర్తుకు వస్తుంది. 'మా విడాకులు' అని విరిస్తే న్యాయస్థానం గుర్తుకు వస్తుంది. అక్షరాలు అవే, వాటి వరుస అదే. మారింది విరుపు మాత్రమే. పద్యపాఠంలో ప్రతిపదార్థానికి ముందు పదవిభాగం చెప్పడం మన అధ్యాపకులకు అలవాటైన పని. విరుపు తప్పితే అర్థం తప్పుతుందన్నది ఆ అలవాటు వెనుక ఉన్న ఎరుక.

ప్రోటీన్లను అధ్యయనం చేసే రసాయనశాస్త్రజ్ఞులకు కూడా ఇటువంటి సమస్యే ఉంది. అయితే ఒక ముఖ్యమైన భేదాన్ని మొదటే గుర్తించాలి. పాఠకుడు పదాన్ని మనసులో విరుస్తాడు; తప్పు విరిస్తే మళ్లీ విరుచుకోవచ్చు. శాస్త్రజ్ఞుడు అణువును నిజంగానే విరవాలి. విరిగిన అణువు తిరిగి అతుక్కోదు. కనుక ఎక్కడ విరుగుతుంది, ఏ శక్తితో విరుగుతుంది, విరిగేటప్పుడు ఏది రాలిపోతుంది అన్న ప్రశ్నలు అతనికి ప్రాణప్రదమైనవి. విరిచే పద్ధతి మారినప్పుడు చదవగలిగే సమాచారం కూడా మారుతుందన్న విషయాన్ని గత నాలుగు దశాబ్దాల పరిశోధనల ఆధారంగా ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

పారిభాషిక పదాల గురించి ఒక మాట. అయాను, ఎలక్ట్రాను, ప్రోటాను, పెప్టైడు వంటి పదాలు మన పాఠ్యపుస్తకాలలో స్థిరపడినవే కనుక వాటిని అలాగే వాడుతున్నాను. అణువు ముక్కలు కావడాన్ని 'విఘటనం' అనీ, ఆ పనిని ఉద్దేశపూర్వకంగా చేయడాన్ని 'విచ్ఛేదనం' అనీ వ్యవహరిస్తున్నాను.

2. పెప్టైడు గొలుసు - దానిపై గుర్తులు:

ప్రోటీన్లు ప్రధానంగా 20 రకాల అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి పెప్టైడ్ బంధంతో కలిసి ఏర్పడిన గొలుసులు. చిన్న గొలుసును పెప్టైడు అంటారు. అమైనో ఆమ్లాలను అక్షరాలుగా భావిస్తే పెప్టైడు ఒక పదం, ప్రోటీను ఒక దీర్ఘ వాక్యం. జన్యువులోని సందేశాన్ని అనుసరించి కణం ఈ గొలుసును కూర్చే ప్రక్రియను జీవశాస్త్రంలోనూ 'అనువాదం' అనే వ్యవహరిస్తారు.

అనువాదం పూర్తయిన తరువాత కూడా గొలుసు మీద మార్పులు జరుగుతాయి. కొన్ని అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేటు సమూహమో, చక్కెర అణువో, ఎసిటైల్ సమూహమో వచ్చి అతుక్కుంటుంది. వీటిని అనువాదానంతర మార్పులు అంటారు. లిపిలో గుణింతపు గుర్తు హల్లు ఉచ్చారణను మార్చినట్లు ఈ చిన్న గుర్తులు ప్రోటీను ప్రవర్తనను మారుస్తాయి. ఫాస్ఫేటు చేరడం, తొలగడం అనే రెండు చర్యలతో కణం అనేక ప్రోటీన్ల పనిని నియంత్రిస్తుందని నిరూపించిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఫాస్ఫేటు ఉందని తెలిస్తే చాలదు, ఎక్కడ ఉందో తెలియాలి. మెదడులోని టావ్ అనే ప్రోటీను దీనికి ఉదాహరణ. మానవులలో దీని పొడవైన రూపంలో 441 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ఫాస్ఫేటు చేరడానికి వీలున్న సెరీన్, థ్రియోనిన్, టైరోసిన్ స్థానాలు 85. అల్జీమర్స్ వ్యాధిలో టావ్ ప్రోటీనుకు ఫాస్ఫేట్లు అతిగా చేరి, అది నాడీకణాలలో చిక్కుముడులుగా పేరుకుంటుంది. ఆ 85 స్థానాలలో వేటికి ఫాస్ఫేటు చేరింది అన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే గొలుసును విరవాలి, ఆ గుర్తు మాత్రం రాలిపోకూడదు. సమస్య అంతా ఇక్కడే ఉంది.

3. మాస్ స్పెక్ట్రోమెట్రీ - చదివే విధానం:

మాస్ స్పెక్ట్రోమీటరు ఆవేశం కలిగిన అణువులను, అంటే అయాన్లను, శూన్యంలో విద్యుత్ లేదా అయస్కాంత క్షేత్రాల సాయంతో వేరుచేసి, వాటి ద్రవ్యరాశికీ ఆవేశానికీ గల నిష్పత్తిని కొలిచే యంత్రం. ప్రోటీన్ల వంటి పెద్ద అణువులను చెడగొట్టకుండా అయాన్లుగా మార్చడం చాలాకాలం అసాధ్యంగా ఉండేది. ద్రావణాన్ని అధిక వోల్టేజి వద్ద సన్నని తుంపరగా చిమ్మి అయాన్లను పుట్టించే ఎలక్ట్రోస్ప్రే పద్ధతిని జాన్ ఫెన్, లేజరు కాంతితో మృదువుగా అయాన్లను వెలువరించే పద్ధతిని కొయిచి తనాకా అభివృద్ధి చేశారు. 2002 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో వీరిద్దరికీ భాగం దక్కింది. ఎలక్ట్రోస్ప్రేలో ఒకే పెప్టైడుకు రెండు, మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రోటాన్లు చేరి అన్ని ధనావేశాలు కలుగుతాయి. ఈ బహుళ ఆవేశమే తరువాత చెప్పబోయే ఎలక్ట్రాను పద్ధతులకు ఆధారం.

వరుసను చదవడానికి యంత్రం మూడు పనులు చేస్తుంది. మొదట కావలసిన పెప్టైడ్ అయాన్లను ఎన్నుకుంటుంది. తరువాత వాటిని విరుస్తుంది. చివరికి ముక్కలను కొలుస్తుంది. ఎన్నుకున్న అయాన్లు అసంఖ్యాకం కనుక ఒక్కొక్కటి ఒక్కో చోట విరుగుతుంది. ఒక అమైనో ఆమ్లం తేడాతో ఏర్పడిన ముక్కలన్నీ మెట్ల వరుసలా కనిపిస్తాయి. పక్కపక్క మెట్ల మధ్య దూరమే అక్కడి అమైనో ఆమ్లం ద్రవ్యరాశి. 57 డాల్టన్ల దూరం కనిపిస్తే గ్లైసీన్, 71 అయితే అలనీన్, 87 అయితే సెరీన్.

గొలుసు వెన్నెముకలో ప్రతి అమైనో ఆమ్లం వద్ద మూడు రకాల బంధాలు ఉన్నాయి. ఆల్ఫా కార్బనుకూ కార్బొనైల్ కార్బనుకూ మధ్య ఒకటి. కార్బొనైల్ కార్బనుకూ నైట్రోజనుకూ మధ్య ఉన్న పెప్టైడ్ బంధం రెండవది. నైట్రోజనుకూ ఆల్ఫా కార్బనుకూ మధ్య మూడవది. మొదటిది తెగితే వచ్చే ముక్కల జంటను ఎ, ఎక్స్ అనీ, రెండవది తెగితే బి, వై అనీ, మూడవది తెగితే సి, జెడ్ అనీ పిలుస్తారు. 1984లో రోప్‌స్టోర్ఫ్, ఫోల్మన్ ప్రతిపాదించిన ఈ నామకరణమే స్వల్ప మార్పులతో నేటికీ నిలిచి ఉంది.

4. వేడితో విచ్ఛేదనం - బలహీనమైన బంధానికే వంతు:

బాగా వ్యాప్తిలో ఉన్న పద్ధతి అభిఘాత విఘటనం. పెప్టైడ్ అయాన్లను హీలియం లేదా నైట్రోజన్ వంటి వాయువు అణువులతో ఢీకొట్టిస్తారు. ప్రతి తాకిడి వల్ల కొంత శక్తి కంపనాల రూపంలో అయానులో చేరుతుంది. ఆ శక్తి చేరిన చోటనే ఉండదు, అణువంతటా పంచుకోబడుతుంది. చాలినంత శక్తి కూడినప్పుడు తెగడానికి అతి తక్కువ శక్తి కోరే బంధమే ముందుగా తెగుతుంది. కుండను నిదానంగా వేడిచేస్తే ఎక్కడ సన్నని పగులు ఉందో అక్కడే బీటవారినట్లు ఇది జరుగుతుంది.

మార్పులు లేని సాధారణ పెప్టైడులో ఇది మేలే చేస్తుంది. అటూ ఇటూ కదలగల ప్రోటాను వెన్నెముకపైకి చేరి పెప్టైడ్ బంధాన్ని బలహీనపరుస్తుంది. ఆ బంధం తెగి బి, వై అయాన్లు ఏర్పడతాయి. కానీ సెరీన్ మీద గాని, థ్రియోనిన్ మీద గాని ఫాస్ఫేటు ఉన్నప్పుడు అన్నింటికంటే సులభంగా తెగేది ఫాస్ఫేటు బంధమే. 98 డాల్టన్ల ఫాస్ఫారిక్ ఆమ్లం రాలిపోతుంది. వెన్నెముక తెగవలసిన శక్తి ఇక్కడే ఖర్చవుతుంది. చక్కెర గుర్తుల గతి కూడా ఇంతే. వాటిని గొలుసుతో కలిపే బంధం వెన్నెముక కంటే బలహీనమైనది.

ఫాస్ఫేటు రాలిన ప్రతిసారీ స్థానం తెలియకుండా పోతుందని చెప్పడం సరికాదు. టైరోసిన్ మీది ఫాస్ఫేటు కొంత గట్టిగా నిలుస్తుంది. ఇతర స్థానాలలోనూ కొన్ని ముక్కలు గుర్తును నిలుపుకొంటాయి. అయితే ఆ సమాచారం పలచబడుతుంది, సందిగ్ధతకు తావిస్తుంది.

5. ఎలక్ట్రాను గ్రహణ విఘటనం - పొరపాటు అవగాహన నుండి ఆవిష్కరణ:

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ మెక్‌లాఫర్టీ బృందం 1990లలో ప్రోటీను అయాన్లను 193 నానోమీటర్ల అతినీలలోహిత లేజరు కాంతితో విరిచే ప్రయోగాలు చేసింది. ఆ ప్రయోగాలలో అంతవరకు అరుదుగా కనిపించే సి, జెడ్ రకపు ముక్కలు వచ్చాయి. అవి కాంతి వల్లనే ఏర్పడ్డాయని మొదట భావించారు. తరువాతి పరిశీలనలో అసలు కారణం వేరని తేలింది. లేజరు కాంతి యంత్రంలోని లోహపు ఉపరితలాలను తాకి ఎలక్ట్రాన్లను వెలువరిస్తున్నది. ఆ ఎలక్ట్రాన్లను ప్రోటీను అయాన్లు గ్రహించి విరుగుతున్నాయి. కాంతి చేసిందనుకున్న పని ఎలక్ట్రాను చేసిన పని.

ఈ విషయాన్ని రోమన్ జుబారెవ్, నీల్ కెలెహర్, మెక్‌లాఫర్టీ 1998లో ప్రకటించి, ఆ ప్రక్రియను ఎలక్ట్రాను గ్రహణ విఘటనం అన్నారు. అనేక ధనావేశాలున్న అయాను అతి తక్కువ వేగంతో వచ్చే ఎలక్ట్రానును ఆకర్షించి కలుపుకుంటుంది. దానితో ఒక ఆవేశం తగ్గి, జతలేని ఎలక్ట్రాను కలిగిన రాడికల్ ఏర్పడుతుంది. ఈ రాడికల్‌లో నైట్రోజనుకూ ఆల్ఫా కార్బనుకూ మధ్య బంధం సులభంగా తెగి సి, జెడ్ ముక్కలు వస్తాయి. వేడి పద్ధతిలో దాదాపు తెగని ఈ బంధం ఇక్కడ ప్రధానంగా తెగుతుంది. పక్కనే ఉన్న ఫాస్ఫేటు, చక్కెర సమూహాలు చెక్కుచెదరకుండా నిలుస్తాయి. రెండు గంధకపు పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధం కూడా ఈ విధానంలో ప్రత్యేకించి తెగుతుంది.

అయితే ఈ ప్రయోగానికి శక్తిమంతమైన అతివాహక అయస్కాంతంతో పనిచేసే ఖరీదైన యంత్రం అవసరమైంది. ఎక్కువ ప్రయోగశాలల్లో ఉండే అయాను ఉచ్చులు డోలాయమాన విద్యుత్ క్షేత్రంతో అయాన్లను బంధిస్తాయి. ఎలక్ట్రాను అత్యంత తేలికైనది కనుక అటువంటి క్షేత్రంలో నిలవదు. చేపల వలలో నీరు నిలవనట్లే ఆ ఉచ్చులో ఎలక్ట్రాను నిలవదు. ఆవిష్కరణ గొప్పదే, అందుబాటు మాత్రం కొద్దిమందికే.

6. ఎలక్ట్రాను బదిలీ విఘటనం:

ఈ చిక్కుకు 2004లో వర్జీనియా విశ్వవిద్యాలయంలోని డొనాల్డ్ హంట్ బృందం పరిష్కారం చూపింది. జాన్ సైకా, జాషువా కూన్ మొదలైన వారితో కలిసి ఆ బృందం చేసిన ఆలోచన సరళమైనది. స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రానును ఉచ్చులో పట్టి ఉంచలేకపోతే, దానిని మోయగల అణువు మీద ఎక్కించి పంపవచ్చు. వారు ఆంత్రసీన్ అనే సేంద్రియ పదార్థపు అణువుకు ఒక ఎలక్ట్రానును చేర్చి ఋణాయానుగా మార్చారు. దాని ద్రవ్యరాశి 178 డాల్టన్లు. ఎలక్ట్రాను ఉచ్చులో నిలవకపోయినా ఆంత్రసీన్ ఋణాయాను నిలుస్తుంది. తరువాతి కాలంలో 202 డాల్టన్ల ఫ్లోరాంథీన్ ఎక్కువగా వాడుకలోకి వచ్చింది.

ఉచ్చులో ధన పెప్టైడ్ అయాన్లను, ఈ ఋణాయాన్లను కలిసేలా చేస్తారు. విరుద్ధ ఆవేశాలు కనుక అవి ఆకర్షించుకుంటాయి. ఋణాయాను తన ఎలక్ట్రానును పెప్టైడుకు అప్పగిస్తుంది. ఆ తరువాత జరిగేది ముందు చెప్పినదే. సి, జెడ్ ముక్కలు ఏర్పడతాయి. చర్య మిల్లీసెకన్ల వ్యవధిలో ముగుస్తుంది. ఋణాయాను ఎంపికలో మెలకువ అవసరం. కొన్ని ఋణాయాన్లు ఎలక్ట్రానును ఇవ్వడానికి బదులు పెప్టైడు నుండి ప్రోటానును లాగుకుంటాయి. అప్పుడు ఆవేశం తగ్గుతుంది గాని గొలుసు విరగదు. ఎలక్ట్రానును తేలికగా వదులుకునే అణువునే ఎన్నుకోవడానికి కారణం ఇది.

అతివాహక అయస్కాంతం అక్కరలేకపోవడంతో ఈ విధానం సాధారణ ప్రయోగశాలలకు చేరింది. ఫాస్ఫేటు గుర్తులు, చక్కెర గుర్తులు, క్రోమోజోములలో డి.ఎన్.ఎ. చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీది గుర్తులు ఏ స్థానంలో ఉన్నాయో గుర్తించడం సులభమైంది.

7. ఒక ఉదాహరణ:

పై భేదాన్ని అంకెలలో చూడవచ్చు. అలనీన్ - సెరీన్ - గ్లైసీన్ - థ్రియోనిన్ - లూసిన్ - లైసిన్ అనే పెప్టైడును ఊహించుకుందాం. గొలుసులో వీటి ద్రవ్యరాశులు పూర్ణాంకాలలో వరుసగా 71, 87, 57, 101, 113, 128. రెండు చివరల కలిపి చేరే నీటి అణువు 18తో మొత్తం 575. దీనికి ఒక ఫాస్ఫేటు చేరితే 80 పెరిగి 655 అవుతుంది. రెండు ప్రోటాన్లు చేరిన అయాను నిష్పత్తి 328.5.

ఫాస్ఫేటు సెరీన్ మీద ఉన్నదా, థ్రియోనిన్ మీద ఉన్నదా అన్నది ప్రశ్న. మొత్తం ద్రవ్యరాశి రెండు సందర్భాలలోనూ ఒకటే కనుక అది సమాధానం చెప్పదు.

వేడితో విరిస్తే 98 రాలి, 279.5 వద్ద ప్రధాన శిఖరం కనిపిస్తుంది. ఫాస్ఫేటు ఎక్కడ ఉన్నా ఇదే శిఖరం. ముక్కలలో సెరీన్ స్థానం 69గా కనిపించిందనుకుందాం. అది ఫాస్ఫేటున్న సెరీన్, అంటే 167, నుండి 98 పోగా మిగిలినది కావచ్చు. ఫాస్ఫేటు లేని సెరీన్ 87 నుండి 18 డాల్టన్ల నీరు పోగా మిగిలినది కూడా కావచ్చు. రెండు దారులూ ఒకే అంకెకు చేరుతున్నాయి. 'మావిడాకులు' ఇక్కడ మళ్లీ ఎదురవుతున్నది.

ఎలక్ట్రాను బదిలీతో విరిచినప్పుడు ఏర్పడే సి ముక్కలను లెక్కిద్దాం. అమైనో ఆమ్లాల మొత్తానికి 18 కలిపితే ఒక ఆవేశమున్న సి ముక్క విలువ వస్తుంది. ఫాస్ఫేటు సెరీన్ మీద ఉంటే వరుస 89, 256, 313, 414, 527. థ్రియోనిన్ మీద ఉంటే 89, 176, 233, 414, 527. మొదటి వరుసలో 89 నుండి 256కు మెట్టు 167, అంటే ఫాస్ఫేటున్న సెరీన్. రెండవ వరుసలో ఆ మెట్టు 87, వట్టి సెరీన్. గుర్తు రాలిపోనందువల్ల సందిగ్ధత తొలగిపోయింది. నిజమైన ప్రయోగంలో కొన్ని మెట్లు కనిపించకపోవచ్చు. అయినా సూత్రం ఇదే.

8. కాంతి విఘటనం:

ఫోటాను శక్తి తరంగదైర్ఘ్యానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఈ కారణంగా కాంతి రెండు భిన్నమైన పనులు చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లేజరు వెలువరించే 10.6 మైక్రోమీటర్ల పరారుణ ఫోటాను శక్తి సుమారు 0.12 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. ఒక్క ఫోటాను ఏ సంయోజనీయ బంధాన్నీ తెంచలేదు. పదుల సంఖ్యలో ఫోటాన్లను గ్రహించి అయాను క్రమంగా వేడెక్కాలి. ఫలితంలో ఇది అభిఘాత విఘటనానికి సన్నిహితమైనది.

193 నానోమీటర్ల ఆర్గాన్ ఫ్లోరైడ్ లేజరు ఫోటాను శక్తి 6.4 ఎలక్ట్రాన్ వోల్టులు. పెప్టైడ్ వెన్నెముకే ఈ కాంతిని గ్రహిస్తుంది. కొన్ని నానోసెకన్ల కాంతి స్పందనంలో అణువు ఎలక్ట్రానిక్ ఉత్తేజిత స్థితికి చేరి, శక్తి అంతటా సర్దుకోకముందే కొన్ని బంధాలు తెగడానికి వీలు కలుగుతుంది. ఫలితంగా ఎ, ఎక్స్ ముక్కలతో పాటు బి, వై, సి, జెడ్ ముక్కలు కూడా కనిపిస్తాయి. ఇండియానా విశ్వవిద్యాలయంలో జేమ్స్ రైలీ బృందం 157 నానోమీటర్ల కాంతితో, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ బ్రాడ్‌బెల్ట్ బృందం 193 నానోమీటర్ల కాంతితో ఈ రంగాన్ని విస్తరించాయి. బ్రాడ్‌బెల్ట్ బృందం 2013లో పెప్టైడ్లుగా కోయని పూర్తి ప్రోటీన్లనే ఈ విధంగా విరిచి వాటి వరుసను దాదాపు సంపూర్ణంగా చదవవచ్చునని చూపింది. 213 నానోమీటర్ల ఘనస్థితి లేజరు వాణిజ్య యంత్రాలలో అమరడంతో ఈ పద్ధతి మరింత అందుబాటులోకి వచ్చింది.

కాంతికి ఉన్న ప్రత్యేక సౌలభ్యాలు రెండు. ఎలక్ట్రాను పద్ధతికి అయాను మీద అనేక ధనావేశాలు ఉండాలి. కాంతికి ఆ నియమం లేదు. ఋణావేశమున్న పెప్టైడ్లనూ అది విరుస్తుంది. రెండవది, తరంగదైర్ఘ్యాన్ని బట్టి లక్ష్యాన్ని ఎన్నుకోవచ్చు. టైరోసిన్‌కు ముందుగా అయోడిన్ పరమాణువును చేర్చి 266 నానోమీటర్ల కాంతిని ప్రసరింపజేస్తే కార్బన్ - అయోడిన్ బంధం ప్రత్యేకంగా తెగి, కోరిన చోట రాడికల్ పుడుతుంది. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రయాన్ జూలియన్ బృందం ఈ మార్గాన్ని అభివృద్ధి చేసింది. ఇక్కడ విరుపు స్థానం యాదృచ్ఛికం కాదు. ప్రయోగకర్త ముందే నిర్ణయించినది.

9. రెండింటి కలయిక:

ఎలక్ట్రాను బదిలీకి ఒక పెద్ద బలహీనత ఉంది. రెండు ఆవేశాలు మాత్రమే ఉన్న పెప్టైడుకు ఎలక్ట్రాను అందినప్పుడు వెన్నెముక బంధం తెగినప్పటికీ ముక్కలు విడిపోకుండా హైడ్రోజన్ బంధాల వల్ల అంటిపెట్టుకుని ఉండవచ్చు. యంత్రానికి అవి విరగని గొలుసుగానే కనిపిస్తాయి. చీలిన కొబ్బరికాయ రెండు చిప్పలూ పీచుతో కలిసి ఉన్నట్లు ఉంటుంది ఈ స్థితి.

ఆ పీచును తొలగించడానికి కాంతి ఉపకరించింది. ఎలక్ట్రాను గ్రహణ పద్ధతిలో అయాన్లకు అదనపు శక్తినిచ్చి ప్రోటీను మడతలను విప్పితే ఎక్కువ ముక్కలు విడివడతాయని మెక్‌లాఫర్టీ బృందం 2000లోనే చూపింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జాషువా కూన్ బృందం 2009లో ఎలక్ట్రాను బదిలీ జరుగుతున్న సమయంలోనే పరారుణ కాంతిని ప్రసరింపజేసింది. ఇక్కడ కాంతి సంయోజనీయ బంధాలను తెంచదు. తెంచేది ఎలక్ట్రాను. మడతలను, హైడ్రోజన్ బంధాలను సడలించి ముక్కలను విడదీసేది కాంతి. అదే మార్గంలో 2019లో ఎలుక మెదడు కణజాలంలోని ప్రోటీన్లపై 1500కు పైగా స్థానాలలో చక్కెర గుర్తులను గుర్తించగలిగారు. చక్కెరను తొలగించకుండా, ఏ స్థానంలో ఏ చక్కెర నిర్మాణం ఉందో చదవగలగడం ఇందులోని విశేషం.

మరొక రకపు కలయికలో ఎలక్ట్రాను బదిలీ మొదట రాడికల్ అయాన్లను సృష్టిస్తుంది, తరువాత అతినీలలోహిత కాంతి వాటిని పరీక్షిస్తుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంటిషెక్ టురెచెక్ బృందం 355 నానోమీటర్ల కాంతిని ఈ విధంగా వినియోగించింది. సాధారణ పెప్టైడు ఆ కాంతిని గ్రహించదు. కొన్ని రాడికల్ నిర్మాణాలు గ్రహిస్తాయి. కనుక ఏ నిర్మాణం ఏర్పడిందో తెలుసుకోవడానికి కాంతి సాక్ష్యమవుతుంది.

10. పరిమితులు - చర్చలు:

ఏ పద్ధతీ సర్వసమర్థం కాదు. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లంలో నైట్రోజనూ ఆల్ఫా కార్బనూ ఒక వలయంలో భాగాలు. వాటి మధ్య బంధం తెగినా వలయం ముక్కలను కలిపే ఉంచుతుంది. అందుచేత ఎలక్ట్రాను పద్ధతి ప్రోలీన్‌కు ముందు చోట మౌనం వహిస్తుంది. వేడి పద్ధతి సరిగ్గా అదే చోట బాగా విరుస్తుంది. ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తున్నది.

లూసిన్, ఐసోలూసిన్‌ల విషయం దీనికి మరొక పార్శ్వం. రెండింటి ద్రవ్యరాశీ 113 కనుక బి, వై ముక్కలు వాటిని వేరుచేయలేవు. జెడ్ ముక్క మరింత విరిగి పక్క గొలుసును కోల్పోయినప్పుడు లూసిన్ 43, ఐసోలూసిన్ 29 డాల్టన్లను వదులుతాయి. అప్పుడు భేదం తెలుస్తుంది.

కాంతి విఘటనంలో ముక్కల రకాలు ఎక్కువ కావడం వరమూ చిక్కూ కూడా. సంకేతం అనేక మార్గాలలో పంచుకోబడి ఒక్కొక్క శిఖరం చిన్నదవుతుంది, విశ్లేషణ క్లిష్టమవుతుంది. ఎలక్ట్రాను బదిలీకి అదనపు సమయం కావాలి, ఆవేశాలు తక్కువైతే ఫలితం తగ్గుతుంది. ఈ కారణాల వల్ల పెప్టైడు ఆవేశాన్ని, నిష్పత్తిని చూసి, ఏ పద్ధతితో విరవాలో యంత్రమే అప్పటికప్పుడు నిర్ణయించుకునే విధానాన్ని కూన్ బృందం 2008లో ప్రతిపాదించింది.

ఎలక్ట్రాను అందిన తరువాత బంధం ఎలా తెగుతుందన్న విషయంలోనూ పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ఎలక్ట్రాను ధనావేశ స్థానం వద్ద చేరి, అక్కడి హైడ్రోజన్ పరమాణువు వెన్నెముకకు బదిలీ కావడమే కారణమని కార్నెల్ బృందం భావించింది. ఎలక్ట్రాను నేరుగా వెన్నెముకలోని అమైడ్ సమూహాన్ని చేరవచ్చునని జాక్ సైమన్స్, టురెచెక్‌లు వాదించారు. శక్తి అంతటా సర్దుకోకముందే బంధం తెగుతుందన్న తొలి ప్రతిపాదన మీద కూడా చర్చ సాగింది. రాడికల్ ఏర్పడ్డాక ఆ బంధమే బలహీనమవుతుంది కనుక సాధారణ సూత్రాలతోనే వివరించవచ్చునన్నది ప్రతివాదం. వివరణలో భేదమున్నా, సున్నితమైన గుర్తులు నిలుస్తాయన్న ప్రయోగఫలితంలో భేదం లేదు.

11. ముగింపు:

పై పరిశీలన నుండి కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి.

* వేడితో విరిచినప్పుడు విరుపు స్థానాన్ని అణువులోని బలహీనతే నిర్ణయిస్తుంది. అనువాదానంతర మార్పుల విషయంలో ఆ బలహీనత మనకు కావలసిన గుర్తు వద్దనే ఉండటం వల్ల సమాచారం నష్టమవుతుంది.

* ఎలక్ట్రాను బదిలీ పెప్టైడును రాడికల్‌గా మార్చి వేరొక బంధాన్ని తెంచుతుంది. గుర్తు నిలుస్తుంది. 2004లో ఎలక్ట్రానును మోసే ఋణాయానును వినియోగించడంతో ఈ విధానం విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది.

* అతినీలలోహిత కాంతి ఆవేశంతో నిమిత్తం లేకుండా అనేక బంధాలను తెంచుతుంది. పరారుణ కాంతి ఎలక్ట్రాను బదిలీకి తోడై, తెగిన ముక్కలను విడదీస్తుంది.

* ప్రోలీన్ వద్ద ఒక పద్ధతి ఆగినచోట మరొకటి పనిచేస్తుంది. కనుక వీటిని పోటీ పద్ధతులుగా కాక, ఒకే పాఠానికి పరస్పరం తోడ్పడే పఠనాలుగా చూడటం సముచితం.

ఒక తాళపత్ర ప్రతిలో చెదలు తిన్న చోటును మరొక ప్రతితో పూరించి పాఠనిర్ణయం చేయడం మన పరిష్కర్తలకు తెలిసిన విద్య. ఒకే పెప్టైడును వేడితో, ఎలక్ట్రానుతో, కాంతితో విరిచి ఫలితాలను సరిపోల్చే శాస్త్రజ్ఞులు చేస్తున్నదీ అటువంటి పాఠనిర్ణయమే. టావ్ ప్రోటీనులోని 85 స్థానాలలో ఏది గుర్తును మోస్తున్నదో చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క ప్రతిని నమ్ముకోవడం ఎంత ప్రమాదకరమో పరిష్కరణశాస్త్రం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.